ఎన్‌బీఏ ట్రేడ్ల వెనుక జీతాల తూకం

2024 అక్టోబరు మొదటి వారంలో, అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ సీజన్ మొదలవడానికి మూడు వారాల ముందు, మిన్నెసోటా టింబర్‌వుల్వ్స్ తమ స్టార్ కార్ల్-ఆంథోనీ టౌన్స్‌ను న్యూయార్క్ నిక్స్‌కు ఇచ్చేసింది. బదులుగా జూలియస్ రాండిల్, డాంటే డివిన్సెంజో, కీటా బేట్స్-డియోప్‌లతో పాటు ఒక మొదటి రౌండ్ డ్రాఫ్ట్ పిక్ (ఏటా లీగ్‌లోకి వచ్చే కుర్రాళ్లను ఎంచుకునే వంతు) తీసుకుంది. ఇంతవరకు ఎవరికైనా అర్థమయ్యే బేరమే. అయితే అదే ట్రేడ్‌లో, అంటే ఆటగాళ్ల మార్పిడిలో, మరో మూడు పేర్లు కనిపించాయి. డాక్వాన్ జెఫ్రీస్, చార్లీ బ్రౌన్ జూనియర్, డ్వేన్ వాషింగ్టన్ జూనియర్. అంతకుముందు సీజన్‌లో నిక్స్ బెంచీ చివరన కూర్చున్న ఈ ముగ్గురితో ఆ జట్టు అప్పటికప్పుడు కొత్త ఒప్పందాలు రాయించుకుంది. సిరా ఆరకముందే ముగ్గురినీ షార్లట్ హార్నెట్స్‌కు పంపేసింది. టౌన్స్ కావాలని షార్లట్ అడగలేదు, రాండిల్‌ను వదిలించుకునే అవసరమూ ఆ జట్టుకు లేదు. మరి ఈ బేరంలో అది ఏం చేస్తున్నట్టు?

జవాబు బాస్కెట్‌బాల్‌లో దొరకదు, కూడికల్లో దొరుకుతుంది. ఆ సీజన్‌కు టౌన్స్ జీతం సుమారు 4.92 కోట్ల డాలర్లు. నిక్స్ మిన్నెసోటాకు ఇస్తున్న ముగ్గురి జీతాలు కలిపితే దాదాపు 4.3 కోట్లు. లీగ్ నిబంధనల ప్రకారం నిక్స్ లాంటి ఖరీదైన జట్టు తాను పంపే జీతాల మొత్తం కంటే ఒక్క డాలరు కూడా ఎక్కువ తీసుకోకూడదు. ఆ ఆరేడు పదుల లక్షల డాలర్ల లోటును పూడ్చడానికే బెంచీ చివరి ముగ్గురి ఒప్పందాలు పుట్టాయి. వాళ్లను మిన్నెసోటాకే పంపవచ్చు కదా అంటే, అదీ కుదరదు. అప్పటికి మిన్నెసోటా జీతాల మొత్తం ఎంత పైన ఉందంటే, ‘ఒప్పందం రాసి పంపే’ పద్ధతిలో వచ్చే ఆటగాళ్లను తీసుకునే హక్కు కూడా దానికి లేదు. అందుకే పక్కన ఖాళీగా ఉన్న మూడో జట్టును పిలిచారు. ఆ ముగ్గురినీ తన లెక్కలో వేసుకున్నందుకు షార్లట్ డ్రాఫ్ట్ పిక్‌ల రూపంలో కిరాయి పుచ్చుకుంది.

ఎన్‌బీఏలో ట్రేడ్ అనగానే అభిమానులు ఇద్దరు ఆటగాళ్లను పక్కపక్కన పెట్టి ఎవరు మెరుగని వాదించుకుంటారు. జట్టు కార్యాలయాల్లో మాత్రం మొదట తూచేది ఒప్పందాలను. ఎవరి జీతం ఎంత, ఎన్నేళ్లు మిగిలింది, దాన్ని ఏ జట్టు ఏ నిబంధన కింద మోయగలదు అన్నవి తేలాకే ఆట సంగతి వస్తుంది. లీగుకూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య 2023లో వచ్చిన కొత్త కార్మిక ఒప్పందం తర్వాత ఈ ధోరణి ఎంత ముదిరిందంటే, ఒక ఆటగాడి విలువ అతని ఆటతో కాక అతని జీతం ఏ మెట్టు మీద నిలిచిందన్నదానితో తేలిపోతున్న సందర్భాలు పెరిగాయి.

ఈ లెక్క మూలం 1983లో ఉంది. అప్పట్లో పలు జట్లు నష్టాల్లో కూరుకుపోయి ఉంటే, లీగూ ఆటగాళ్ల సంఘమూ ఒక రాజీకి వచ్చాయి. ఆదాయంలో నిర్ణీత వాటా ఆటగాళ్లకు దక్కుతుంది, అందుకు ప్రతిగా ఒక్కో జట్టు జీతాల ఖర్చుకు పరిమితి (క్యాప్) ఉంటుంది. 1984-85లో ఆ పరిమితి 36 లక్షల డాలర్లు. 2025-26కు వచ్చేసరికి 15.46 కోట్లయింది. అయితే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్‌లో లాగా ఇది దాటరాని గోడ కాదు. తన సొంత ఆటగాడిని నిలబెట్టుకోవడానికి జట్టు పరిమితిని దాటి జీతం ఇవ్వవచ్చు. బోస్టన్ దిగ్గజం లారీ బర్డ్ పేరు మీద దీన్ని ‘బర్డ్ హక్కులు’ అంటారు. ఈ మినహాయింపు వల్లే దాదాపు ప్రతి మంచి జట్టూ పరిమితికి పైనే బతుకుతుంది.

ట్రేడ్ల కథంతా ఇక్కడి నుంచే పుట్టింది. పరిమితి దాటిన జట్టు దగ్గర యజమాని ఎంత ధనవంతుడైనా సరే, బయటి నుంచి పెద్ద స్టార్‌ను నేరుగా కొనుక్కునే దారి లేదు. చిన్నచిన్న మినహాయింపులు మిగులుతాయి, వాటితో ఓ మోస్తరు ఆటగాళ్లు వస్తారు. ఐదు కోట్ల డాలర్ల ఆటగాడు కావాలంటే ఉన్న మార్గం ఒక్కటే, ఆ తూకానికి సరిపడే ఒప్పందాలను అవతలి జట్టుకు ఇవ్వడం. ఐపీఎల్ చూసేవారికి ఇది వింతగా అనిపించవచ్చు. 2023 నవంబరులో ముంబయి ఇండియన్స్ హార్దిక్ పాండ్యను గుజరాత్ నుంచి తెచ్చుకున్నప్పుడు బదులుగా ఆటగాడిని ఇవ్వలేదు, డబ్బే ఇచ్చింది. పర్సులో చోటు కోసం కామెరాన్ గ్రీన్‌ను బెంగళూరుకు 17.5 కోట్ల రూపాయలకు పంపింది. ఎన్‌బీఏలో అలా కుదరదు. ట్రేడ్‌లలో ఇచ్చే నగదుకు ఏడాదికి ఇంతేనని పరిమితి ఉంది, జీతాల ఖర్చులో అన్నిటికంటే పై మెట్టులో ఉన్న జట్లు ఆ కాస్త నగదూ ఇవ్వకూడదు. కాబట్టి అక్కడ ఒప్పందమే డబ్బు.

ఒప్పందమే డబ్బయినప్పుడు, దాన్ని ముద్రించుకునే ప్రయత్నాలూ జరుగుతాయి. 2008 ఫిబ్రవరిలో డాలస్ మావెరిక్స్ జట్టు జేసన్ కిడ్‌ను న్యూజెర్సీ నెట్స్ నుంచి తెచ్చుకున్న తీరు ఈ విషయంలో ఓ పాఠ్యగ్రంథం. మొదట కుదిరిన బేరంలో డెవియన్ జార్జ్ అనే ఆటగాడు ఉన్నాడు. ట్రేడ్ అయితే తన బర్డ్ హక్కులు పోతాయి కాబట్టి అతనికి కాదనే అధికారం ఉంది, కాదన్నాడు. అదే బేరంలో ఉన్న జెర్రీ స్టాక్‌హౌస్ అయితే న్యూజెర్సీ తనను వదిలేస్తుందనీ, మళ్లీ డాలస్‌కే తిరిగొస్తాననీ ముందుగానే బయటపెట్టి చిక్కు తెచ్చుకున్నాడు. కిడ్ జీతానికి సరిపడే తూకం ఇక ఎక్కడ దొరకాలి? 2006 తర్వాత బంతి ముట్టని కీత్ వాన్ హార్న్ గుర్తొచ్చాడు. అతను అధికారికంగా రిటైర్‌మెంట్ ప్రకటించలేదు, అతని మీద హక్కులు ఇంకా డాలస్ దగ్గరే ఉన్నాయి. ఇంట్లో ఉన్న మనిషికి 40 లక్షల డాలర్లకు పైగా జీతంతో ఒప్పందం రాసి న్యూజెర్సీకి పంపారు. నెట్స్ తరఫున అతను ఒక్క నిమిషమైనా ఆడలేదు, ఆడాలని ఎవరూ అనుకోలేదు కూడా. అదే నెలలో లాస్ ఏంజెలెస్ లేకర్స్ కూడా పావ్ గసోల్ ట్రేడ్‌లో ఆరన్ మెకీని ఇలాగే వాడుకుంది.

ఈ చమత్కారాన్ని లీగ్ సహించలేదు. 2011 ఒప్పందంలో, అలా పంపే ఆటగాడు అంతకుముందు సీజన్‌ను అదే జట్టుతో ముగించి ఉండాలన్న షరతు పెట్టింది. ఇంట్లో కూర్చున్నవారికి తలుపు మూసుకుంది. కానీ బెంచీ చివరన కూర్చున్నవారికి? 2024లో నిక్స్ వాడుకున్నది సరిగ్గా ఆ సందునే. జెఫ్రీస్, బ్రౌన్, వాషింగ్టన్ ముగ్గురూ 2023-24ను నిక్స్‌తోనే ముగించారు. మూసిన ప్రతి తలుపు పక్కనా ఒక కిటికీ మిగిలిపోవడం ఈ నిబంధనల చరిత్రలో మామూలే. ఆ కిటికీలు వెతకడానికే ప్రతి జట్టూ ఇప్పుడు క్యాప్ నిపుణులను జీతాలిచ్చి పెట్టుకుంటోంది.

ఇన్నాళ్లూ ఈ తూకంలో కాస్త ఉదారత ఉండేది. జట్టు తాను పంపినదానికంటే కొంత ఎక్కువే తీసుకోవచ్చు. 2023-24 లెక్కలో, 75 లక్షల డాలర్ల లోపు జీతం పంపితే దాదాపు రెట్టింపు తీసుకోవచ్చు, అక్కడి నుంచి 2.9 కోట్ల వరకు 75 లక్షలు అదనంగా, ఆపైన పాతిక శాతం అదనంగా. ఈ వెసులుబాటు ఇప్పటికీ ఉంది, కానీ జీతాల మొత్తం ‘మొదటి ఏప్రన్’ కింద ఉన్న జట్లకే. ఏప్రన్ అంటే లగ్జరీ ట్యాక్స్ (జీతాల మీద మరీ ఎక్కువ ఖర్చు చేసే జట్టు కట్టే పన్ను) గీత పైన గీసిన మరో గీత. 2025-26లో ట్యాక్స్ 18.79 కోట్ల డాలర్ల దగ్గర మొదలవుతుంది, మొదటి ఏప్రన్ 19.59 కోట్ల దగ్గర, రెండోది 20.78 కోట్ల దగ్గర.

అంకెలు చూస్తే ఈ గీతల మధ్య దూరం పెద్దగా లేదు. ఫలితాల్లో మాత్రం చాలా ఉంది. ట్యాక్స్ గీత దాటితే యజమాని జేబు నుంచి డబ్బు పోతుంది. మొదటి ఏప్రన్ దాటితే ట్రేడ్‌లో ఎక్కువ జీతం తీసుకునే హక్కు పోతుంది, ‘ఒప్పందం రాసి పంపే’ పద్ధతిలో ఆటగాడిని తెచ్చుకునే దారి మూసుకుపోతుంది, గత ఏడాది మిగిలిన ట్రేడ్ ఎక్సెప్షన్లు (పంపిన జీతానికి సరిపడా తిరిగి తీసుకోనప్పుడు, తర్వాత ఆ మేరకు ఆటగాడిని తెచ్చుకునే హక్కులు) పనికిరాకుండా పోతాయి. ఈ ఎక్సెప్షన్లు చిన్న విషయం కావు. 2020లో గోర్డన్ హేవర్డ్ షార్లట్‌కు వెళ్లినప్పుడు బోస్టన్‌కు 2.85 కోట్ల డాలర్ల ఎక్సెప్షన్ మిగిలింది, కొన్ని నెలల తర్వాత అందులో కొంత వాడి ఎవాన్ ఫోర్నియేను తెచ్చుకుంది. రెండో ఏప్రన్ దాటితే అసలు దెబ్బ పడుతుంది. ఇద్దరు ముగ్గురు ఆటగాళ్ల జీతాలను కలిపి ఒక పెద్ద స్టార్‌ను తెచ్చుకోవడం నిషిద్ధం, ట్రేడ్‌లో నగదు ఇవ్వడం నిషిద్ధం. ఏడేళ్ల తర్వాతి మొదటి రౌండ్ పిక్‌ను ట్రేడ్ చేయకుండా బిగించేస్తారు. తర్వాతి నాలుగేళ్లలో మరో రెండుసార్లు గీత దాటితే ఆ పిక్ మొదటి రౌండ్ చిట్టచివరికి జారిపోతుంది.

పన్ను అన్నది ధనవంతుడికి చిరాకు మాత్రమే. లాస్ ఏంజెలెస్ క్లిప్పర్స్ అధిపతి, మైక్రోసాఫ్ట్ మాజీ సీఈఓ స్టీవ్ బాల్మర్ లాంటి యజమానికి కొన్ని కోట్ల డాలర్ల పన్ను ఎంత? 2023 నిబంధనలు రాసినవారు ఈ సంగతి గ్రహించినట్టున్నారు. అందుకే డబ్బు లాక్కోవడం మానలేదు గానీ, దాంతోపాటు చేతులు కట్టేయడం మొదలుపెట్టారు. ఖర్చు పెట్టు, పరవాలేదు, కానీ ఆ తర్వాత జట్టును సరిదిద్దుకునే పనిముట్లు నీ దగ్గర ఉండవు అన్నది ఇప్పటి షరతు. పొరపాటు చేయని జట్టుకు ఇది పెద్ద శిక్ష కాదు. పొరపాటు చేసిన జట్టుకు బయటపడే దారి లేకుండా చేస్తుంది.

ఫీనిక్స్ సన్స్ దానికి బతికున్న సాక్ష్యం. 2023 జూన్‌లో, కొత్త నిబంధనలు పూర్తిగా అమల్లోకి రాకముందే, ఆ జట్టు బ్రాడ్లీ బీల్‌ను తెచ్చుకుంది. బీల్ మూడుసార్లు ఆల్‌స్టార్, అంటే ఏటా లీగ్‌లోని మేటి ఆటగాళ్లతో జరిగే మ్యాచ్‌కు ఎంపికైనవాడు. అలాంటివాడి కోసం ఫీనిక్స్ ఒక్క మొదటి రౌండ్ పిక్ కూడా పూర్తిగా ఇవ్వలేదు. క్రిస్ పాల్, లాండ్రీ షామెట్, కొన్ని రెండో రౌండ్ పిక్‌లు, కొన్ని పిక్ మార్పిళ్లు, అంతే. ఎంత చవక అని అప్పట్లో అనుకున్నవారు లేకపోలేదు. చవకగా రావడానికి కారణం ఆ ఒప్పందం బరువు, దాంతోపాటు తన అనుమతి లేకుండా ట్రేడ్ చేయకూడదన్న క్లాజు. 2025 ఫిబ్రవరిలో మయామీ స్టార్ జిమ్మీ బట్లర్ అందుబాటులోకి వచ్చినప్పుడు ఈ బరువు అసలు రూపం చూపింది. రెండో ఏప్రన్‌కు పైన ఉన్న ఫీనిక్స్ జీతాలు కలిపి చూపకూడదు, ఒక్కడికి ఒక్కడే తూగాలి. బట్లర్ జీతం సుమారు 4.88 కోట్లు. దానికి తూగేవారు ఆ జట్టులో ముగ్గురే, డెవిన్ బుకర్, కెవిన్ డురాంట్, బీల్. మొదటి ఇద్దరినీ ఇవ్వడంలో అర్థం లేదు. మూడోవాడిని అతను ఒప్పుకుంటే తప్ప పంపలేరు. బట్లర్ గోల్డెన్ స్టేట్‌కు వెళ్లిపోయాడు. ఫీనిక్స్ 36 విజయాలు, 46 ఓటములతో ప్లేఆఫ్స్ చేరకుండానే ఇంటిదారి పట్టింది. ఆ వేసవిలో డురాంట్‌ను హ్యూస్టన్‌కు పంపిన ట్రేడ్ చివరికి ఏడు జట్ల బేరంగా మారింది. బీల్‌ను ఒప్పందం నుంచి విడిపించి, మిగిలిన మొత్తాన్ని ఐదేళ్లకు సాగదీశారు. ఇప్పుడు తమకు ఆడని మనిషికి ఏటా దాదాపు 1.94 కోట్ల డాలర్ల లెక్క ఫీనిక్స్ ఖాతాలో కూర్చుంది.

గెలిచిన జట్టుకూ మినహాయింపు లేదు. 2024 ఛాంపియన్ బోస్టన్ అదే జట్టుతో 2025-26కు వెళ్లి ఉంటే జీతాలు, పన్ను కలిపి 50 కోట్ల డాలర్లు దాటేది. 2025 వేసవిలో జ్రూ హాలిడేను పోర్ట్‌ల్యాండ్‌కు, క్రిస్టాప్స్ పోర్జింగిస్‌ను అట్లాంటాకు పంపింది. రెండింటిలోనూ వచ్చిన ఆటగాళ్ల గొప్పతనం కంటే, తగ్గిన జీతమే అసలు లాభం. జేసన్ టేటమ్ కాలి గాయం ఆ నిర్ణయాన్ని కాస్త తేలిక చేసి ఉండవచ్చు, కానీ గాయం లేకపోయినా లెక్క లెక్కే.

దీని పర్యవసానంగా మార్కెట్లో వింత ధరలు పుట్టాయి. 2024లో నిక్స్ మికాల్ బ్రిడ్జెస్ కోసం బ్రూక్లిన్‌కు ఐదు మొదటి రౌండ్ పిక్‌లు ఇచ్చింది. బ్రిడ్జెస్ అప్పటివరకు ఒక్కసారి కూడా ఆల్‌స్టార్ కాలేదు. అదే నిక్స్ కొన్ని నెలలకు నాలుగుసార్లు ఆల్‌స్టార్ అయిన టౌన్స్ కోసం ఇచ్చినది ఒక్కటే మొదటి రౌండ్ పిక్. రాండిల్, డివిన్సెంజో కూడా వెళ్లారు కాబట్టి పోలిక పూర్తిగా న్యాయం కాదు. అయినా దిశ స్పష్టం. బ్రిడ్జెస్ జీతం 2.33 కోట్లు, టౌన్స్ జీతం దానికి రెట్టింపు పైన. 2025లో ఆర్లాండో డెస్మండ్ బేన్ కోసం నాలుగు మొదటి రౌండ్ పిక్‌లు ఇచ్చింది, బేన్ కూడా అప్పటికి ఆల్‌స్టార్ కాదు. జట్టులో రెండో, మూడో స్థానానికి సరిపడే ఆటగాడు, జీతమూ మధ్యస్థంగా ఉంటే అతని ధర ఆకాశంలో ఉంటుంది. అత్యున్నత జీతం తీసుకుంటూ అత్యున్నత స్థాయికి ఒక్క మెట్టు కిందున్న ఆటగాడే ఇప్పుడు అన్నిటికంటే కష్టమైన సరుకు. అతను చెడ్డ ఆటగాడు కాదు, పాపం, అతని ఒప్పందాన్ని మోయగల భుజాలు తక్కువ.

లూకా డాన్చిచ్ ట్రేడ్‌ను ఈ కోణంలో చూడకపోతే అది ఇప్పటికీ పిచ్చిపనిలాగే కనిపిస్తుంది (చూసినా కొంత కనిపిస్తుంది). 2025 ఫిబ్రవరి మొదటి రోజుల్లో డాలస్ తమ పాతికేళ్ల సూపర్‌స్టార్‌ను లేకర్స్‌కు ఇచ్చి ఆంథోనీ డేవిస్, మాక్స్ క్రిస్టీ, 2029 మొదటి రౌండ్ పిక్ తీసుకుంది. డాలస్‌తో ఉండి ఉంటే ఆ వేసవిలో డాన్చిచ్ ఐదేళ్లకు దాదాపు 34.5 కోట్ల డాలర్ల ‘సూపర్‌మ్యాక్స్’ ఒప్పందానికి అర్హుడయ్యేవాడు. ఈ ఒప్పందం పుట్టిందే, స్టార్లను తీర్చిదిద్దిన జట్టు వాళ్లను నిలబెట్టుకోవడానికి. జట్టు మారితే ఆ అర్హత పోతుంది. ఆకర్షించాల్సిన ఈ ఎర ఇక్కడ తలకిందులైంది. అతని ఫిట్‌నెస్ మీద అనుమానం పెంచుకున్న డాలస్ యాజమాన్యానికి, ఆ మొత్తం నిలబెట్టుకోవడానికి ఆయుధంగా కాక, తప్పించుకోవాల్సిన గడువుగా కనిపించింది. చివరికి డాన్చిచ్ లేకర్స్‌తో మూడేళ్లకు 16.5 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు.

ఆ ట్రేడ్ జరిగిన తీరులోనూ లెక్కలే రాజ్యమేలాయి. డాన్చిచ్ జీతం, డేవిస్ జీతం రెండూ 4.3 కోట్ల చుట్టుపక్కలే. ఇద్దరు మహామహులను నేరుగా మార్చుకోగలిగిన కారణం ఆ యాదృచ్ఛిక సమానత్వమే. డేవిస్ ఒప్పందంలో ట్రేడ్ అయితే వచ్చే 15 శాతం బోనస్ ఉంది, అతను దాన్ని వదులుకున్నాడు. అంతకుముందు వేసవిలో క్లే థాంప్సన్‌ను ‘ఒప్పందం రాసి పంపే’ పద్ధతిలో తెచ్చుకోవడం వల్ల ఆ సీజన్ అంతా మొదటి ఏప్రన్ డాలస్‌కు దాటరాని గోడ అయింది. ఒక పనిముట్టు వాడితే మరో తలుపు మూసుకోవడం అంటే ఇదే. ట్రేడ్ తర్వాత ఆ గోడకూ డాలస్ జీతాలకూ మధ్య మిగిలిన ఖాళీ సుమారు 51 వేల డాలర్లు. వెంటనే డేవిస్ గాయపడ్డాడు, మార్చిలో కైరీ ఇర్వింగ్ మోకాలి లిగమెంట్ తెగింది. బెంచీ ఖాళీ అవుతున్నా కనీస జీతానికి ఒక ఆటగాడిని తెచ్చుకోవడానికి కూడా, సీజన్ చివరి రోజులు వచ్చి ఆ కనీస జీతం చిక్కిపోయేదాకా డాలస్ ఆగాల్సి వచ్చింది.

లీగ్ అనుకున్న లక్ష్యం నెరవేరిందా అంటే, 2019 నుంచి 2025 వరకు ఏడేళ్లలో ఏడు వేర్వేరు జట్లు ఛాంపియన్లయ్యాయని దాని మద్దతుదారులు చూపిస్తారు. నిజమే, కానీ ఆ ఏడింటిలో ఎక్కువ భాగం 2023 నాటి ఏప్రన్ నిబంధనలు పుట్టకముందువి. ఆ నిబంధనల పుణ్యమని చెప్పడం తొందరపాటు. నిజంగా మారినది, జట్టు కలిసి ఉండే కాలం. పెద్ద జీతాల స్టార్లు ముగ్గురు ఉంటే, వాళ్లు గెలుస్తున్నా ఓడుతున్నా, రెండు మూడేళ్లకు ఒకరు వెళ్లాల్సిందే. బయటి నుంచి కొన్న జట్లకూ, సొంతంగా డ్రాఫ్ట్ చేసుకుని పెంచిన జట్లకూ ఈ గీత ఒకటే. సొంత పెంపకానికి కాస్త రాయితీ ఉండాల్సిందన్న వాదనలో బలం ఉంది.

ఆ వాదనకు అసలు పరీక్ష ఓక్లహోమా సిటీలో జరగబోతోంది. 2012లో ఇదే జట్టు జీతాల భారానికి వెనక్కి తగ్గి, కొన్ని పదుల లక్షల డాలర్ల తేడా దగ్గర జేమ్స్ హార్డెన్‌ను హ్యూస్టన్‌కు పంపేసింది. 2019లో పాల్ జార్జ్‌ను క్లిప్పర్స్‌కు ఇచ్చి షే గిల్జియస్-అలెగ్జాండర్‌నూ, ఐదు మొదటి రౌండ్ పిక్‌లనూ రాబట్టింది. అలా వచ్చిన పిక్‌లలో ఒకదానితోనే జేలెన్ విలియమ్స్ దొరికాడు. 2025లో టైటిల్ గెలిచింది. ఇప్పుడు విలియమ్స్, చెట్ హోమ్‌గ్రెన్‌ల గరిష్ఠ ఒప్పందాలు 2026-27 నుంచి, షే నాలుగేళ్ల 28.5 కోట్ల డాలర్ల ఒప్పందం 2027-28 నుంచి మొదలవుతాయి. ముగ్గురి జీతాలే క్యాప్‌లో అత్యధిక భాగం మింగేశాక, మిగిలిన జట్టంతటినీ చౌక ఒప్పందాలతో నింపాలి. అందుకోసమే ఆ జట్టు ఏళ్ల తరబడి పోగేసిన డ్రాఫ్ట్ పిక్‌లు గోదాములో ఉన్నాయి. డ్రాఫ్ట్‌లో వచ్చే కుర్రాడి జీతం నాలుగేళ్లపాటు నిర్ణీతం, తక్కువ. పిక్‌లంటే ఒకప్పుడు రేపటి స్టార్ మీద కట్టే పందెం. ఓక్లహోమా సిటీకి ఇప్పుడవి ఇవాళ్టి స్టార్ల చుట్టూ చవకగా పెట్టుకునే కూలీల జాబితా.